చిన్న బండిలో రాత్రి పడక

మీ ఊరికి బిందెలు, బకెట్లు అమ్మే చిన్న ట్రక్కు వస్తుంది కదా? మైకులో పిలుస్తూ వస్తుంది. దాన్ని కొందరు టాటా ఏస్ అంటారు. కొందరు చోటా హాథీ అంటారు. అంటే చిన్న ఏనుగు అని. ముందు ఇద్దరు కూర్చుంటారు. వెనక తొట్టిలో సరుకు ఉంటుంది. ఆ ఇద్దరూ చాలాసార్లు భార్యాభర్తలే. పొద్దంతా ఊళ్లు తిరుగుతారు. మరి రాత్రి ఎక్కడ పడుకుంటారు?

చాలామంది ఆ బండిలోనే పడుకుంటారు. జాతరలో దుకాణం పెట్టేవాళ్లకు మూడు నాలుగు రాత్రులు బండే ఇల్లు. మేడారం లాంటి పెద్ద జాతరలో గది ఎక్కడ దొరుకుతుంది? దొరికినా కిరాయి ఎవరు కట్టగలరు? సరుకు వదిలి పోవడం కూడా కుదరదు.

మన చదువు కేంద్రానికి వచ్చే అక్కల్లో ఇట్లా బండి మీద బతికేవాళ్లు ఉన్నారు. ఈ పాఠం ముందుగా వాళ్ల కోసం. వాళ్లు అడిగిన సంగతులే ఇందులో ఎక్కువ.

బండిలో పడుకోవడం మనకు కొత్త కాదు. మన పెద్దలు తీర్థాలకు ఎడ్ల గూడు బండి కట్టుకుని పోయేవారు. వెదురు బద్దలు వంచి పైన చాప కప్పేవారు. కింద గడ్డి పరిచి, దాని మీద బొంత వేసేవారు. ఆ బండికి గాలి రెండు వైపులా ఆడేది. వంట ఎప్పుడూ బండి బయట, మూడు రాళ్ల మీద. ఈ రెండు మాటలు గుర్తు పెట్టుకోండి. మళ్లీ వాటి దగ్గరికి వస్తాం.

ఆటో మీద కట్టిన ఇల్లు

మన పక్క రాష్ట్రం తమిళనాడులో నామక్కల్ అనే జిల్లా ఉంది. అక్కడి అరుణ్ ప్రభు అనే యువకుడు ఇళ్ల నమూనాలు గీసే చదువు చదివాడు. అతను ఒక బజాజ్ ఆటో మీద ఇల్లు కట్టాడు. 2020లో పత్రికలు ఆ ఇంటి ఫోటోలు వేశాయి. ఆ ఇల్లు 36 చదరపు అడుగులు. అంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న చోటు ఎంతో అంత. అందులోనే పడక, వంట, స్నానం, మరుగుదొడ్డి. పైన సూర్యుడి వేడుకకు కాదు, కరెంటు కోసం సోలార్ పలకలు. నీళ్లకు 250 లీటర్ల ట్యాంకు. పాత బండ్ల సామాను, కూల్చిన ఇళ్ల సామాను వాడాడు. అందుకే లక్ష రూపాయల్లో అయింది.

చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నా మాట అడిగితే, మనకు అది సరిపోదు. ఎందుకంటే మన బండి రాత్రికి ఇల్లు కావాలి. తెల్లారేసరికి మళ్లీ సరుకు బండి కావాలి. దాని మీద గోడలు కట్టేస్తే సరుకు ఎక్కడ పెడతాం? కిస్తీ ఎట్లా కడతాం? కాబట్టి మనం చేసేది ఏదైనా పెట్టేలా, తీసేలా ఉండాలి.

జపాన్ దేశంలో ఇట్లా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ చిన్న బండ్లకు ప్రత్యేకంగా చట్టం ఉంది. పొడవు 3.4 మీటర్లు దాటకూడదు. వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదు. మన టాటా ఏస్ కన్నా అవి పొట్టివి! అట్లాంటి ట్రక్కు తొట్టిలో చెక్క గది పెట్టుకుని ఊళ్లు తిరుగుతారు. తిరిగి వచ్చాక దాన్ని దింపేస్తారు. బండి మళ్లీ మామూలు బండి.

పెట్టి తీసేలా ఉంటే ఇంకో లాభం ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 52వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. ఆర్.సి.లో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. తొట్టి కోసి, వెల్డింగ్ పెట్టి గది కట్టాలంటే ముందు ఆర్.టి.ఓ. ఆఫీసులో అడగాలి. అడగకుండా మారిస్తే జరిమానా పడుతుంది. ప్రమాదం జరిగితే బీమా డబ్బు రావడం కూడా కష్టమవుతుంది.

ఇంకొక మాట. బండి కదులుతున్నప్పుడు వెనక తొట్టిలో మనిషి ఉండకూడదు. పిల్లలు అసలే ఉండకూడదు. పడక ఆగిన బండిలోనే. కదిలే బండిలో మనుషులు ముందు సీట్లోనే. ముందు ఇద్దరికే చోటు. కాబట్టి పిల్లలను బస్సులో తీసుకుపోవాలి. ఖర్చు అవుతుంది, నిజమే. అయినా ఇందులో బేరం లేదు.

పడక ఎట్లా వేయాలి?

తొట్టి కొలవండి. టేపు లేకపోతే జానెడు కొలత చాలు. పొడవు ఏడడుగులకు దగ్గరగా, వెడల్పు నాలుగున్నర అడుగుల పైన ఉంటే ఇద్దరు నిలువుగా కాళ్లు చాపి పడుకోవచ్చు.

అడుగు ఎత్తు ఉండే రేకు పెట్టెలో, చెక్క పెట్టెలో నాలుగు తీసుకోండి. అన్నీ ఒకే ఎత్తు ఉండాలి. వాటిలో సరుకు, బట్టలు, బియ్యం పెట్టుకోవచ్చు. వాటి మీద ప్లైవుడ్ చెక్క పరిస్తే అదే మంచం. చెక్కను ఒకే ముక్కగా తీసుకోకండి. ఎనిమిదడుగుల పెద్ద చెక్క ఇరవై కిలోల పైమాటే. మూడు ముక్కలు చేయిస్తే ఒక మనిషే ఎత్తి పెట్టవచ్చు. పగలు ఆ మూడింటినీ తొట్టి పక్కన నిలబెట్టి తాడుతో కట్టాలి. బిందెలు ఒకదానిలో ఒకటి దోపి వలలో కట్టి, రాత్రికి కిందికి దింపి బండికే కట్టేయాలి.

పెట్టెలను కూడా తొట్టి కొక్కేలకు కట్టాలి. కట్టని పెట్టె గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందుకు దూకుతుంది. ముందు కూర్చున్నది మీరే కదా!

బరువైనవి కింద పెట్టాలి. తేలికవి పైన పెట్టాలి. నెత్తి మీద కడవ పెట్టుకుని గబుక్కున పక్కకు తిరిగితే ఏమవుతుంది? బండికీ అంతే. లీటరు నీళ్లు ఒక కిలో. నామక్కల్ ఆటోలో ట్యాంకు నిండితే 250 కిలోలు. నలుగురు మనుషుల బరువు! మనకు ఇరవై లీటర్ల క్యాన్లు రెండు చాలు. అవి తొట్టి అడుగున, ముందు వైపు ఉండాలి.

పైకప్పుకు ఇనుప గొట్టాలు వంచి, మీద టార్పాలిన్ కప్పుతారు. ఎత్తు పెంచేముందు ఒక్కసారి మీ ఊరి సందుల్లో కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతున్నాయో చూడండి.

గాలి, నిప్పు

ఇప్పుడు అసలు సంగతి. ఈ పాఠంలో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. ఇది మరవద్దు.

చలికాలం. చుట్టూ టార్పాలిన్ బిగించారు. వెచ్చగా ఉంటుందని బొగ్గుల కుంపటి లోపల పెట్టారు. పొగ లేదు. బొగ్గు ఎర్రగా ఉంది. భయం లేదు అనుకుని పడుకున్నారు. ఇట్లా పడుకున్నవాళ్లు తెల్లారి లేవని సంగతులు మన దేశంలో ప్రతి చలికాలమూ పత్రికల్లో వస్తాయి.

ఎందుకు చనిపోతారు? బొగ్గు కాలేటప్పుడు ఒక విషవాయువు వస్తుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు. వాసన లేదు. కంట్లో మంట రాదు. దగ్గు రాదు. మనం పీల్చిన మంచి గాలిని నెత్తురు ఒళ్లంతా మోస్తుంది కదా. ఈ వాయువు వచ్చి ఆ చోటు ఆక్రమిస్తుంది. ఇక నెత్తురు మంచి గాలిని మోయలేదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి. మెలకువగా ఉన్న మనిషికి ఇవి తెలుస్తాయి. నిద్రలో ఉన్న మనిషికి ఏమీ తెలియదు.

బొగ్గులే కాదు. కిరసనాయిలు స్టవ్, గ్యాస్ పొయ్యి, కట్టెల నిప్పు అన్నీ అంతే. నడుస్తున్న ఇంజను పొగలో కూడా ఇదే విషం ఉంటుంది. కాబట్టి ఇంజను నడుపుతూ బండిలో పడుకోవద్దు. మన పక్కన ఆగిన లారీ ఇంజను నడుస్తున్నా, మన బండిని దూరం జరపాలి.

ఎవరికైనా ఇట్లా అయిందని అనుమానం వస్తే ముందు బయటి గాలిలోకి మోసుకు రండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మజ్జిగ, నిమ్మరసం అంటూ ఆలస్యం చేయవద్దు.

వంట గూడు బండి రోజుల్లో లాగానే బయట చేయాలి. బండికి పది అడుగుల దూరంలో, నేల మీద. మనం వాడే గ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు. తొట్టి అడుగున, మన చెక్కల కింద నీళ్లలా నిలుస్తుంది. ఒక్క అగ్గిపుల్ల చాలు. అందుకే రాత్రి చిన్న సిలిండరు కూడా దింపి, బయట నిలబెట్టి ఉంచాలి. దోమల కాయిల్ లోపల వెలిగించవద్దు. దుప్పటి కొస దాని మీద పడుతుంది. దోమతెర కట్టుకోండి. ఒకసారి కొంటే ఏళ్లు వస్తుంది. దీపం కావాలంటే బ్యాటరీ లైటు.

టార్పాలిన్ ముందు వైపు జానెడు, వెనక వైపు జానెడు తెరిచి ఉంచాలి. ఒక్కవైపే తెరిస్తే గాలి ఆడదు. తెరిచిన చోట దోమతెర గుడ్డ కుట్టండి. తెల్లారి టార్పాలిన్ లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే అది మన ఊపిరి తడి. గాలి చాలలేదని దాని అర్థం.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. బండి వెనక తలుపు గొళ్లెం బయట ఉంటుంది. మీరు లోపల పడుకున్నాక, బయటి నుంచి ఎవరో మంచికే గొళ్లెం పెట్టి, టార్పాలిన్ కట్టేస్తారు. నిప్పు అంటుకుంటే ఎట్లా దూకుతారు? ఒక పక్క ముడి ఎప్పుడూ లోపలి నుంచి విప్పేలా ఉండాలి. తల దగ్గర ఒక కత్తెర పెట్టుకోండి. చీకట్లో ఒకసారి దిగి చూడండి.

ఎక్కడ ఆపాలి?

పెద్ద రోడ్డు అంచున ఆపవద్దు. నిద్రమత్తులో వచ్చే లారీకి ఆగిన బండి కనిపించదు. పెట్రోలు బంకు, గుడి ఆవరణ, నలుగురు బండ్లవాళ్లు ఆగే చోటు మంచిది. అడిగి ఆపండి. వాగు మధ్య ఇసుక మెత్తగా ఉందని అక్కడ ఆపవద్దు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ వాగు వస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. పొద్దున ఆ రాళ్లు తీయడం మరవద్దు. బండి ముఖం బయటికి పోయే దారి వైపు ఉండాలి. ఎవరైనా ఇబ్బంది పెడితే 112కి ఫోన్ చేయండి. ఆడవాళ్ల సాయానికి 181 కూడా ఉంది.

ఆడవాళ్లకు ఇంకొక కష్టం ఉంది. రాత్రి మూత్రానికి ఎక్కడికి పోవాలి? చీకట్లో పోలేక చాలామంది సాయంత్రం నుంచి నీళ్లు తాగరు. మూత్రం ఆపుకుంటారు. దాంతో మంట, జ్వరం వస్తాయి. సిగ్గుపడే సంగతి కాదు ఇది. మూత ఉన్న బకెట్ ఒకటి దీనికోసమే పెట్టుకోండి. అడుగున కొంచెం రంపపు పొట్టు వేయండి. బండి వెనక రెండు కర్రలకు పాత చీర కడితే మరుగు అవుతుంది. పొద్దున బకెట్‌ను మరుగుదొడ్డిలో పోసి కడగాలి. చెరువు దగ్గర, బోరింగు దగ్గర పోయవద్దు. ఈ బకెట్ పెట్టెల లెక్కలోకి మొదటే రావాలి. మగవాళ్లు బండి సర్దితే చివరికి దీనికే చోటు ఉండదు!

సరుకు ఎక్కువై పడక వేయని రాత్రి, కొందరు ముందు సీట్లోనే కూర్చుని నిద్రపోతారు. 2004లో జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో భూకంపం వచ్చింది. ఇళ్లలోకి పోవడానికి భయపడి జనం రోజుల తరబడి కార్లలో కూర్చునే నిద్రపోయారు. భూకంపం నుంచి బతికిన వాళ్లలో కొందరు తర్వాత కార్లలో చనిపోయారు. కాళ్లు కదలక నెత్తురు గడ్డ కట్టింది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరింది. కాబట్టి కాళ్లు చాపుకునే చోటు సుఖం కోసం మాత్రమే కాదు. ఒక రాత్రి కూర్చోక తప్పకపోతే మధ్యలో దిగి నడవండి. నీళ్లు తాగండి. ఒక కాలు వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే ఆసుపత్రికి పోవాలి.

లెక్క చేద్దాం

బండి ఆర్.సి. తీయండి. మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మనకు వచ్చినవే. గ్రాస్ వెయిట్ అంటే అన్నీ కలిపి ఉండదగిన బరువు. అన్‌లాడెన్ వెయిట్ అంటే ఖాళీ బండి బరువు. మొదటిది 1,550 కిలోలు, రెండవది 850 కిలోలు అనుకుందాం. తీసివేస్తే ఎంత?

అందులో నుంచి ఇద్దరు మనుషులు 120, పెట్టెలు, చెక్కలు 60, నీళ్లు 40, పరుపు, గిన్నెలు 30, పొయ్యి, సిలిండరు 15 కిలోలు తీసేయండి. మిగిలినదే మీరు ఎక్కించగల సరుకు. ఎన్ని కిలోలు వచ్చింది? ఇప్పుడు మీ బండి ఆర్.సి.లోని అంకెలతో పలక మీద మళ్లీ చేయండి.