ఇండ్ల వాకిళ్లలో మోటారు కార్ల క్రింద పనిచేయువారు గైకొనవలసిన జాగ్రత్తలు

పుదుచ్చేరి పట్టణమునకు చేరిన సారము, ఉళవర్‌కరై తాలూకాలోని నివాస ప్రదేశము. ఇట్టి పేటలలో కారునకు ప్రత్యేకముగ కొట్టు కట్టుకొన్న ఇండ్లకంటె, వాకిటనో వీధి ప్రక్కనో కారు నిలుపుకొను ఇండ్లే హెచ్చు. సెలవునాడు ఇంజను చమురు మార్చుటకో, వదులైన సైలెన్సరు బిగించుటకో యజమాని గాని డ్రైవరు గాని కారును జాకీతో ఎత్తి దాని క్రింద పండుకొనుట సర్వసాధారణము. ఈ పనియందలి అపాయము మాత్రము రోడ్డు ప్రమాదముల పట్టికలలో కానరాదు. కారు రోడ్డుమీద లేదు, కదలుచుండలేదు. మరణము ఇంటి వాకిట సంభవించి, ఏదో యొక సామాన్య శీర్షికలో కలిసిపోవును.

అమెరికా సంయుక్త రాష్ట్రముల రహదారి భద్రతా శాఖవారు రోడ్డు ప్రమాదములుగాక ఇతర విధముల వాహనములవలన కలుగు మరణములను విడదీసి లెక్కించి 2009లో ప్రకటించిరి. వాహనము మీద పడి చనిపోవువారు ఏటికి సగటున 168 మంది యనియు, వాహనపు పొగవలన చనిపోవువారు 147 మంది యనియు అందు తేలినది. మంచి పనిముట్లు సులభముగ దొరకు దేశమున సంగతి ఇట్లున్నది. ఇటుకలమీద కారు నిలుపు చోట్ల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

చిన్న కారు బరువు సుమారు 800 మొదలు 1,000 కిలోల వరకు ఉండును. ఇంజను ముందుండు కార్లలో ఆ బరువునందు పదింట ఆరు పాళ్లు ముందరి చక్రములమీద నిలుచును. అనగా 1,000 కిలోల కారు ముందు భాగము 600 కిలోలు, లేక 75 కిలోల ధాన్యపు బస్తాలు ఎనిమిది. చమురు మార్చువాడు పండుకొనునది సరిగా ఈ భాగము క్రిందనే. ఎద్దుబండి తోలువాడు సైతము చక్రమునకు అడ్డురాయి పెట్టక, పోటుకఱ్ఱ నిలుపక ఇరుసు దగ్గర చేయి పెట్టడు. కారు కొన్నవారు ఈ పాటి వివేకమును బండివానికే విడిచిపెట్టినట్లు కనబడును.

కారుతో కూడ వచ్చు కత్తెర జాకీ చక్రము మార్చుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. దాని పీట అరచేతి యంత. బరువంతయు ఒక్క మరచీలమీద ఆధారపడును. కారు ఏ కొంచెము ముందునకో వెనుకకో కదలినను అది ప్రక్కకు వాలును. సీసా ఆకారపు హైడ్రాలిక్ జాకీ బలమైనదే గాని, దానిలో కారును నిలుపునది చమురు ఒత్తిడి. లోపలి రబ్బరు అరిగినచో కారు మెల్లగ దిగును. తెగినచో ఒక్కమారు దిగును. చక్రములుగల పెద్ద జాకీకిని ఈ దోషము కలదు. కావున జాకీని ఎత్తుటకే వాడవలెను. మోయుటకు వేరు ఆధారము వలయును. ఈ భేదము జనులకు స్పష్టముగ తెలిసినచో సగము అపాయము తొలగును.

మోయుటకు తగినది ఇనుప జాకీ స్టాండు. మూడు లేక నాలుగు కాళ్ల పీఠము, దానినుండి పైకి జరుపదగిన గూటము, గూటమును ఆపు చీల యిందుండును. ఇవి జతగా వాడవలసినవి. ఎంత బరువు మోయునో స్టాండుమీద వ్రాసియుండును. అది ఒక్కదానికా, జతకా యని చూచుకొనవలెను. కారును జాకీతో ఎత్తి, తయారుచేసినవారి పుస్తకమున చూపబడిన గట్టి స్థానముల క్రింద స్టాండులు నిలిపి, జాకీని మెల్లగ దించి బరువును వానిమీదికి రానీయవలెను. చమురు తొట్టి క్రింద గాని, పలుచని నేలరేకు క్రింద గాని ఊత పెట్టినచో రేకు వంగి కారు జారును. తరువాత ఎవరును క్రిందికి పోకమునుపే కారు ప్రక్కను రెండు చేతులతో గట్టిగ ఊపి చూడవలెను. కదలునది యైనచో అప్పుడే కదలవలెను. మనిషి క్రిందనుండి పానా పట్టి బలముగ లాగునపుడు కాదు. తుప్పుపట్టిన బోల్టును ఊడదీయుటకు పెట్టు బలమే పెక్కుసారులు కారును జాకీమీదినుండి తప్పించును. అదనపు చక్రమును, లేక విప్పిన చక్రమును కారు అంచు క్రింద పడుకోబెట్టుట మంచిది. స్టాండు తప్పినను ఆ చక్రపు మందముమేరకు ఖాళీ మిగులును, ఖర్చేమియు లేదు.

ఇటుకలు, సిమెంటు బోలు దిమ్మెలు, కొయ్య మొద్దులు చేతికి సులభముగ అందునవి. ఇటుక గోడలో సమముగ పరచుకొన్న బరువును మోయును గాని, కారు అడుగున నుండు సన్నని అంచు ఒక్కచోట నొక్కినపుడు ముందు సూచనయే లేక రెండుగ చీలును. బోలు దిమ్మె ఇంకను హీనము. ఈ విషయమున మినహాయింపు ఇయ్యదగిన సందర్భమేదియు లేదు.

నేల సంగతి అధికారులు విశేషముగ గమనింపదగినది. పుదుచ్చేరికి వర్షము ముఖ్యముగ అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనమువలన వచ్చును. 2024 నవంబరు 30వ తేదీన ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపమున తీరము దాటినపుడు ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసెను. అట్టి వానల వెనుక నీరు చొచ్చిన కార్ల అడుగు చూడగోరువారు అనేకులుందురు; అప్పుడే నేల మెత్తనిది. జాకీ పీట 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు గలదనుకొన్నచో వైశాల్యము 150 చదరపు సెంటీమీటర్లు. దానిమీద 300 కిలోలు నిలిచినచో చదరపు సెంటీమీటరునకు 2 కిలోలు పడును. తడిసిన మట్టి ఇంత ఓర్చుకొనదు. అడుగున 30 సెంటీమీటర్ల చదరపు దళసరి పలక వేసినచో అదే బరువు 900 చదరపు సెంటీమీటర్లమీద పరచుకొని, సెంటీమీటరునకు కిలోలో మూడవవంతు మాత్రమే యగును. గోదావరి ఒండ్రునేలమీద నున్న యానామున ఈ పలక మరింత ఆవశ్యకము. వాలునేలమీద మాత్రము పలక వేసినను స్టాండు పెట్టినను కారు ఎత్తకూడదు. వీధిప్రక్కన ఒక చక్రము కాలువ అంచున, మరియొకటి రోడ్డున నుండగా పని చేయుట పూర్తిగ మానవలెను.

చేతిబ్రేకు వేసితిమను ధైర్యము చాలదు. సామాన్యముగ చేతిబ్రేకు వెనుక చక్రములను మాత్రమే పట్టును. వెనుక భాగము ఎత్తినపుడు ఆ చక్రములు గాలిలో నుండుటచే బ్రేకు ఉన్నను లేనట్లే. నేలమీద మిగిలిన ముందరి చక్రములు స్వేచ్ఛగ దొరలును. ముందరి చక్రములతో నడచు కారున గేరు వేసియుంచుటవలన ముందరి చక్రములకే కొంత పట్టు వచ్చును. అవి ఎత్తబడినపుడు ఆ పట్టును పోవును. కావున నేలమీదనుండు చక్రములకు ముందువైపునను వెనుకవైపునను అడ్డుదిమ్మెలు పెట్టుట తప్పనిసరి. గుండ్రని రాయి కంటె ఏటవాలుగ కోసిన కొయ్యదిమ్మె మేలు. తాళపుచెవి పనిచేయువాని జేబులో నుండవలెను. కారులో పిల్లలు కూర్చుండరాదు.

భారత ప్రభుత్వమువారి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29వ సెక్షనులో, ఎత్తు యంత్రములను ఏటికొకసారియైన అర్హతగల వ్యక్తిచే పరీక్ష చేయించవలెనని విధించిరి. ఇంటి వాకిటికి అట్టి చట్టము రాలేదు, ఇన్‌స్పెక్టరును రాడు. ఆ పని ఇంటివారో పొరుగువారో చేయవలసినదే. పనిచేయువాడు ఒంటరిగ ఉండకూడదని చెప్పుటకు కారణము ఇదియొకటి. రెండవ కారణము ముందు చెప్పబోవు వైద్యవిషయములలో తెలియగలదు.

కొందరు జాకీ బెడద లేకుండుటకై వాకిట గుంత త్రవ్వించుకొందురు. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగింతలు బరువైనది. వంటగ్యాసువలె ద్రవరూపమున నింపు గ్యాసు కూడ గాలికంటె బరువైనదే. ఇవి గుంతలో నిలిచి, ఒక్క నిప్పురవ్వకు మండును. మురుగుకాలువలకు ఎత్తులేని చోట్ల అట్టి గుంత వానకాలమున నీటితొట్టి యగును. డెంగీని వ్యాపింపజేయు దోమకు ఇంతకంటె అనువైన స్థలము లేదు. దోమలవలన వచ్చు వ్యాధుల పరిశోధనకు 1975లో కేంద్రము స్థాపింపబడిన పట్టణమున ఈ సంగతి విస్తరించి చెప్పనక్కరలేదు. మునిసిపల్ శానిటరీ ఇన్‌స్పెక్టర్లు ఇండ్లు తనిఖీ చేయునపుడు నీటితొట్లతోను పాతటైర్లతోను పాటు ఈ గుంతలను కూడ చూడవలెను.

ఇంజను నడుచుచుండగా మూసిన కొట్టులో ఎవరును ఉండరాదు. కార్బన్ మోనాక్సైడునకు రంగు, వాసన లేవు. రక్తములోని హీమోగ్లోబినుతో అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుతో కలియును. తలనొప్పి, వాంతి, మగత తోచును. క్రింద పండుకొన్నవాడు అలసటయనుకొని అచ్చటనే యుండిపోవును. వ్రేలికి తగిలించి ప్రాణవాయువు కొలుచు సాధనము ఇట్టి రోగియందు మంచి అంకెనే చూపి మోసపుచ్చునని వైద్యసిబ్బంది గుర్తెరిగియుందురు గాక.

దీపమునకు ఇంటి కరెంటు తీగె లాగి తడినేలమీద పండుకొనుటకంటె బ్యాటరీదీపము క్షేమము. వాడిన చమురును కాలువలో పోయకూడదు.

ఇక ప్రమాదము జరిగినపుడు చేయవలసినది. ఱొమ్ముమీద బరువు పడినవానికి ఎముకలు విరుగకపోయినను ఊపిరి తీయుటకు ఱొమ్ము విప్పారదు. ఫ్రెంచి వైద్యుడు ఒలీవియే 1837లో, పారిస్ నగరమున జనుల త్రొక్కిడిలో మరణించినవారి శవములను పరీక్షించి ఈ స్థితిని మొదట వర్ణించెను: ముఖము, మెడ నీలవర్ణమగును, కండ్ల తెల్లగ్రుడ్లలో రక్తపు చుక్కలు కనబడును. ఈ ఆకృతి చూచి మరణించినట్లు నిశ్చయింపరాదు. బరువు త్వరగ తీసినచో బ్రతుకువారు కలరు. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషములకే చెడనారంభించును. ఏ ఆంబులెన్సును అంతలో రాజాలదు. దగ్గరనున్న మనిషియే ప్రాణదాత.

ఆ మనిషి మొదట కేక వేసి ఇరుగుపొరుగును పిలిచి, ఒకనిచే 112 గాని 108 గాని ఫోను చేయించి, చక్రములకు అడ్డు పెట్టి, మరియొక జాకీతో కారును ఎత్తవలెను. పడిపోయిన జాకీ చెడిపోయియుండవచ్చును గనుక ప్రక్కవీటి కారు జాకీ తెప్పించుట ఉత్తమము. నలుగురైదుగురు మగవారున్నచో ఒక ప్రక్కను చేతులతోనే కొంత ఎత్తగలరు. ఎత్తినంత మేర దిమ్మెలు దూర్చుచు రావలెను. క్రిందనున్నవానిని కాళ్లు పట్టి లాగుట బరువు లేచినపిమ్మటనే. బయటికి తీసినపుడు ఊపిరి లేనిచో ఱొమ్ము నడుమ నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, 5 సెంటీమీటర్లు తగ్గకుండ నొక్కుచు, సహాయము వచ్చువరకు ఆపరాదు.

కాలో తొడయో చాలసేపు నలిగినచో మరియొక అపాయము కలదు. 1941లో లండనుపై బాంబులు పడిన దినములలో, కూలిన ఇండ్ల క్రింద గంటలకొలది చిక్కుకొన్నవారు బయటపడినపిమ్మట మూత్రపిండములు పనిచేయక చనిపోవుటను బైవాటర్స్, బీల్ అను వైద్యులు వర్ణించిరి. నలిగిన కండరములనుండి వెలువడు పదార్థములు రక్తములో కలియుట దీనికి కారణము. కావున బయటికి వచ్చి లేచి కూర్చున్నంత మాత్రమున అట్టివానిని ఇంటికి పంపక, ఎంతసేపు చిక్కుకొనెనో చీటిమీద వ్రాసి ఆసుపత్రికి చేర్చవలెను. ఱొమ్ము నలుగుచుండగా మాత్రము ఈ భయమున బరువు తీయుటను ఒక్క నిమిషమైనను ఆపరాదు.

మునిసిపాలిటీలు ఈ సూచనలను సారము మొదలగు చోట్ల తమిళమునను, యానామున తెలుగునను, బొమ్మలతో కూడిన ఒక్క పుటగ అచ్చొత్తించి, విడిభాగములు అమ్ము దుకాణములలోను వీధి మెకానిక్కుల వద్దను అతికింపవచ్చును. ఉపన్యాసముకంటె ప్రదర్శన మేలు. అగ్నిమాపక సిబ్బంది సహాయముతో వార్డునకొకసారి, మెత్తనినేలమీద పలకలేని జాకీ ఎట్లు క్రుంగునో నిజమైన కారుతో చూపినచో చూచినవారు మరువరు. మునిసిపల్ వాహనములను బాగుచేయు సిబ్బందికి స్టాండులు, అడ్డుదిమ్మెలు ఉన్నవో లేవో మొదట చూచుకొనుట భావ్యము.

ఇట్టి మరణము సంభవించినపుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షను ప్రకారము శవపంచాయితీ జరుగును. తాలూకా అధికారులు ఆ కాగితములలో "కారు మీద పడి" అని మాత్రము వ్రాయక, జాకీ ఏ రకమైనది, స్టాండు ఉన్నదా, చక్రములకు అడ్డు ఉన్నదా, నేల మట్టియా సిమెంటా, వాలు ఎంత, ఇంజను నడుచుచుండెనా, దగ్గర మరియొకరుండిరా యని వ్రాయించవలెను. మరణకారణ ధ్రువపత్రమున గాయము ఎట్లు కలిగెనో తెలుపు గడిని వైద్యులు ఖాళీగ విడువరాదు. క్రిందనున్న మనిషిని రక్షించుటకై జాకీని కదల్చుట సహజమే. అటుపిమ్మట మాత్రము దానిని పారవేయక, ఫోటో తీయించి, పంచనామాలో చేర్చవలెను.