ఫలక్‌నుమాలో ఒక్క రాత్రి

ప్రశ్న: మా అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతున్నాయి. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రి గడిపేలా చూద్దామని నా ఆశ. అంత డబ్బు పోయడం దండగేనా? నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కూడా.

జవాబు: చీకటి పడ్డాక చేరి, తెల్లారగానే చార్మినార్ చూడ్డానికి పరిగెడితే ముమ్మాటికీ దండగే. అక్కడ మీరు డబ్బిచ్చేది పరుపుకి కాదు, ఆ భవనంలో గడిపే గంటలకి. మధ్యాహ్నమే గది తీసుకోండి. ఆ భవనం 1884లో నవాబు వికార్ ఉల్ ఉమ్రా మొదలుపెట్టిన కట్టడం, తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లింది. హోటల్‌గా తెరిచింది 2010లో. బస చేసేవాళ్లకి సాయంత్రం ప్యాలెస్ అంతా తిప్పి చూపిస్తారు, అది వదులుకోవద్దు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల ముందు నిలబడితే, ఈ చివరివాళ్ల మాట ఆ చివరకి ఎలా వినిపించేదో అని అమ్మగారు తప్పకుండా అడుగుతారు!

గేటు దగ్గర్నుంచి గుర్రబ్బగ్గీలో పైకి తీసుకెళ్లడం ఆనవాయితీ. బగ్గీ మెట్టు ఎత్తు. నాన్నగారికి కారు కావాలని, మెట్లెక్కే పనిలేని గది కావాలని బుకింగ్‌లోనే రాయించండి. రాత్రికి ప్యాలెస్‌లోని ‘అదా’ రెస్టారెంట్‌లో హైదరాబాదీ భోజనం చెప్పండి.

గది అద్దె మీద 18 శాతం జీఎస్టీ అదనం, లెక్కలో కలుపుకోండి. బడ్జెట్ మరీ మించితే బస మానేసి, ప్యాలెస్‌లోనే ఉన్న జేడ్ రూమ్‌లో హై టీకి ముందుగా బుక్ చేసుకుని వెళ్లిరండి. నా దృష్టిలో అదేమీ తక్కువ కాదు.