నోరులేని చిన్న ప్రాణి: గినీ పిగ్ ప్రవర్తనను అర్థం చేసుకుందాం

పదేళ్ల బాబు ఒకడు కాలు విరిగి మూడు వారాలు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. వాళ్ళమ్మ రాత్రింబగళ్ళు వాడి దగ్గరే. ఇంట్లో వాడు పెంచుకునే గినీ పిగ్‌ను నాయనమ్మ చూసుకుంటోంది. ఆమె ప్రేమకు లోటు లేదు. ఇంట్లోవాళ్ళు తినే అన్నం, బిస్కెట్లు, పాలు దానికీ పెట్టింది. బాబు రోజూ పెరట్లో గరిక కోసి వేసేవాడనీ, కొత్తిమీర పెట్టేవాడనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. మూడో వారానికి అది ఒక మూల ముడుచుకుని కూర్చుంది. కదిలిస్తే కీచుమని అరిచింది. తిండి ముట్టలేదు. "పిల్లవాడి మీద బెంగ పెట్టుకుంది, వాడొస్తే అదే తేరుకుంటుంది" అనుకున్నారు.

పక్కింటివారు వచ్చి, చెల్లెలి జ్వరానికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ సిరప్ నాలుగు చుక్కలు పొయ్యమన్నారు. అదృష్టం కొద్దీ వాళ్ళమ్మ ముందుగా వార్డులో నర్సును అడిగింది. "సిస్టరమ్మా, పిల్లల మందు దానికి పొయ్యొచ్చా?" "వద్దమ్మా, ముందు పశువుల డాక్టరుగారికి చూపించండి" అని ఆమె చెప్పింది. డాక్టరుగారు చూసి, అది బెంగ కాదు, విటమిన్ 'సి' లోపం, కీళ్ళు వాచాయి అన్నారు. ఆ సిరప్ పోసి ఉంటే ప్రాణం పోయేదని కూడా చెప్పారు. విటమిన్ చుక్కలు, పచ్చగడ్డి, తగిన సంరక్షణతో కొద్ది రోజులకు అది మళ్ళీ నడిచింది.

రోగి దగ్గర ఉన్నవారికి ఇంటి దగ్గరి చిన్న ప్రాణి గురించి ఆలోచించే తీరిక ఉండదు. కాని మంచం మీదున్న పిల్లలు మాత్రం రోజూ దాని గురించే అడుగుతారు. నీతిమంతుడు తన పశువుల ప్రాణాన్ని కూడా పట్టించుకుంటాడని సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనం బోధిస్తుంది. అందుకే ఈ పాఠం.

ఇది పంది కాదు

పేరులో పంది ఉన్నా ఇది ఎలుకలు, ఉడుతల కోవకు చెందిన కొరికే జంతువు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పెరూ, బొలీవియా, ఈక్వెడార్ దేశాలవారు వేల సంవత్సరాలుగా దీన్ని ఆహారం కోసం ఇళ్ళలో పెంచుతున్నారు. 16వ శతాబ్దంలో ఇది ఐరోపాకు చేరింది. పెద్దదైన గినీ పిగ్ సుమారు 700 నుండి 1200 గ్రాముల బరువు ఉంటుంది. బాగా చూసుకుంటే 5 నుండి 8 సంవత్సరాలు బ్రతుకుతుంది.

అడవిలో దీనికి గద్దలు, పాములు, నక్కలు శత్రువులు. నీరసంగా కనబడిన జంతువునే శత్రువు ముందు పట్టుకుంటుంది. అందుచేత ఇది జబ్బును దాచుకునే స్వభావంతో పుట్టింది. మనకు జబ్బు కనిపించే నాటికి అది ముదిరి ఉంటుంది. దీని ప్రవర్తనలో చిన్న మార్పును కూడా తేలికగా తీసుకోకూడదనడానికి కారణం ఇదే.

మనకూ దానికీ ఉన్న ఒక పోలిక

కుక్క, ఆవు, ఎలుక తమకు కావలసిన విటమిన్ 'సి'ని తమ శరీరంలోనే తయారు చేసుకుంటాయి. మనిషి, కోతి, గినీ పిగ్ తయారు చేసుకోలేవు. తిండిలో దొరకాలి. 1907లో నార్వే దేశంలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకు ధాన్యం మాత్రమే పెట్టి చూశారు. వాటికి ఓడల్లో నావికులకు వచ్చే స్కర్వీ వ్యాధే వచ్చింది. క్యాబేజీ, నిమ్మరసం వంటివి ఇస్తే ఆ వ్యాధి రాలేదు. విటమిన్ 'సి'ని కనుగొనడానికి ఆ పరిశోధన దారి చూపింది. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని నిరూపించినప్పుడు కూడా ఈ జంతువులనే వాడారు. మన ఆరోగ్యం కోసం ఎంతో బాధపడిన ప్రాణి ఇది.

లోపం మొదలైన రెండు మూడు వారాలలో గినీ పిగ్ మందగిస్తుంది. కీళ్ళు వాస్తాయి, నడవడానికి ఇష్టపడదు, వెంట్రుకలు గరుకు దేలుతాయి, చిగుళ్ళ నుండి రక్తం రావచ్చు. పైన చెప్పిన ఇంట్లో జరిగింది ఇదే.

చూసి భయపడనక్కరలేనివి

1. ఉన్నట్టుండి గాలిలోకి ఎగిరి, ఒళ్ళు విదిలించుకోవడం. ఇది మూర్ఛ కాదు, సంతోషం. పిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది.
2. తన మలాన్ని తానే తినడం. ఒక రకం మెత్తని మలంలో 'బి' విటమిన్లు ఉంటాయి. వాటిని మళ్ళీ తినడం దాని జీర్ణక్రియలో భాగం. ఆపవద్దు.
3. ప్లాస్టిక్ కవరు చప్పుడు వినగానే గట్టిగా ఈల వేసినట్టు అరవడం. తిండి వస్తోందని పిలుస్తోంది.
4. కొత్త శబ్దానికి బొమ్మలా బిగుసుకుపోవడం. ఇది భయం. కాసేపు నిశ్శబ్దంగా వదిలితే సర్దుకుంటుంది.
5. కంటి నుండి కొద్దిగా పాలలాంటి ద్రవం వచ్చి, దానితో ముఖం తుడుచుకోవడం. అప్పుడప్పుడూ అయితే సహజమే.
6. కళ్ళు తెరిచే కునుకు తీయడం.

పళ్ళు టకటకలాడిస్తే మాత్రం అది కోపం. ఆ సమయంలో చేయి పెట్టవద్దు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

అన్నిటికంటె ముఖ్యమైనది తిండి మానేయడం. దీని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. కడుపు ఖాళీ అయితే పేగుల కదలిక ఆగి, గ్యాసు చేరి, ప్రాణం మీదికి వస్తుంది. మనిషి ఒక పూట పస్తు ఉంటే ఫరవాలేదు. గినీ పిగ్ 12 గంటలు ఏమీ తినకపోతే అది అత్యవసరమే. రేపు చూద్దామని ఆగవద్దు.

ఈ క్రింది వాటిలో ఏది కనిపించినా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి:

- వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ముడుచుకుని కూర్చోవడం
- మలం తగ్గడం, మరీ చిన్నగా రావడం, లేదా విరేచనాలు
- గడ్డం క్రింద తడి, చొంగ కారడం, తినబోయి వదిలేయడం (దీని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, సరిగా అరగకపోతే నాలుకకు, బుగ్గకు గుచ్చుకుంటాయి)
- ముక్కు కారడం, ఊపిరిలో చప్పుడు
- మూత్రం పోసేటప్పుడు అరవడం, మూత్రంలో రక్తం
- తల ఒక ప్రక్కకు వాలిపోవడం, గుండ్రంగా తిరగడం
- విపరీతంగా గోక్కోవడం, వెంట్రుకలు రాలి చర్మం పొరలు లేవడం. గజ్జి పురుగు ముదిరితే ఆ దురదకు ఫిట్స్ కూడా వస్తాయి

వారానికి ఒకసారి ఒకే రోజున వంటింటి తక్కెడ మీద బరువు చూసి, కాగితం మీద వ్రాయండి. కన్ను పట్టలేని జబ్బును తక్కెడ పట్టుకుంటుంది. వారంలో 50 గ్రాములకు మించి తగ్గితే డాక్టరుగారికి చూపించండి.

మిగిలిన మందులు పొయ్యవద్దు

ఇది ఇంటింటా గుర్తుంచుకోవలసిన మాట. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, ఎరిత్రోమైసిన్, క్లిండామైసిన్ వంటి మందులు మనుషుల ప్రాణాలు కాపాడతాయి. గినీ పిగ్ నోట్లో పోస్తే మాత్రం పేగులలోని మేలు చేసే క్రిములను చంపుతాయి. హానికర క్రిములు పెరిగి విషం పుట్టిస్తాయి. కొద్ది రోజులలోనే అది చనిపోవచ్చు. మీ పిల్లల సిరప్‌లలో అమాక్సిసిలిన్ ఎంత సాధారణమో మీకు తెలుసు. మందు ఏదైనా పశువైద్యుడు చెప్పిన తర్వాతే, చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి.

రోజువారీ సంరక్షణ

ఆహారం: దీని తిండిలో ముఖ్యభాగం గడ్డి. ఎండుగడ్డి గాని, మందు చల్లని చోట కోసి కడిగిన గరిక గాని ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గడ్డి నమిలితేనే పళ్ళు అరుగుతాయి, పేగులు కదులుతాయి. విటమిన్ 'సి' కోసం రోజూ కొత్తిమీర, చిన్న క్యాప్సికమ్ ముక్క పెట్టండి. బత్తాయి కంటె జామకాయలో ఈ విటమిన్ మూడు రెట్లకు పైగా ఉంటుంది. అయితే తీపి కనుక వారానికి రెండు మూడు సార్లు చిన్న ముక్క చాలు. కుందేళ్ళ కోసం అమ్మే గుళికలలో విటమిన్ 'సి' కలపరు, వాటిని నమ్ముకోవద్దు. గినీ పిగ్ గుళికలలో కలిపినా, నిలువ ఉంటే తగ్గిపోతుంది.

పెట్టకూడనివి: అన్నం, రొట్టె, బిస్కెట్లు, పాలు, మాంసం, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప.

నీరు: ప్రతిరోజూ మంచినీళ్ళు మార్చాలి. సీసా మూతి మూసుకుపోయిందేమో చూడాలి.

నివాసం: అడుగున ఇనుప జాలీ ఉంటే పాదాలు పుండ్లు పడతాయి. చదునైన అడుగు మీద కాగితం గాని మెత్తని గుడ్డ గాని పరచి, తడిసినది రోజూ తీసివేయాలి. వరిగడ్డి బిరుసు పోచలు కళ్ళకు గుచ్చుకోవచ్చు. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఇవ్వండి.

ఎండ: 18 నుండి 24 డిగ్రీల చల్లదనం దీనికి హాయి. మన రోహిణీ కార్తె ఎండలకు తట్టుకోలేదు. ఇంట్లో అన్నిటికంటె చల్లని గదిలో ఉంచి, పడుకోవడానికి చల్లని బండ ఒకటి పెట్టండి. మేడ మీద, రేకుల క్రింద ఉంచవద్దు. ఒగరుస్తూ సాగిలపడితే తడి గుడ్డతో పాదాలు, చెవులు చల్లబరుస్తూ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. ఐసు నీళ్ళలో ముంచవద్దు.

తోడు: ఒంటరితనం దీనికి పడదు. ఒకే లింగానికి చెందిన రెండింటిని కలిపి పెంచడం మంచిది. కుందేలుతో కలిపి ఉంచవద్దు. దానికి హాని చేయని క్రిమి దీనికి న్యుమోనియా తేవచ్చు.

రోగి ఉన్న ఇంట్లో

దీని నుండి మనకు తామర అంటుకోవచ్చు, ముఖ్యంగా పిల్లలకు. ముట్టుకున్న తర్వాత, గూడు శుభ్రం చేసిన తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. వంటింట్లో గూడు ఉంచవద్దు. ఉబ్బసం ఉన్నవారు, క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, అయిదేళ్ళలోపు పిల్లలు గూడు శుభ్రం చేయకూడదు. మీ ఇంట్లో గినీ పిగ్ ఉన్న సంగతి రోగికి వైద్యం చేస్తున్న డాక్టరుగారికి చెప్పండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు ధారనీటి క్రింద కడిగి, ఆసుపత్రిలో చూపించండి.

మీరు ఆసుపత్రిలో ఉండవలసివస్తే, ఇంట్లో చూసుకునేవారికి ఒక కాగితం వ్రాసి ఇవ్వండి: ఏమి పెట్టాలి, ఏమి పెట్టకూడదు, ఎప్పుడు నీళ్ళు మార్చాలి, పశువుల డాక్టరు ఫోను నంబరు. ఆ నాయనమ్మ చేతిలో అటువంటి కాగితం ఉంటే ఆ ప్రాణికి అన్ని రోజుల బాధ తప్పేది.

నొప్పి ఉందని ఈ ప్రాణి చెప్పలేదు. మంచం మీద ఉన్న రోగి కూడా కొన్నిసార్లు చెప్పడు. తిన్నారా, నిద్రపోయారా, నిన్నటికీ ఈ రోజుకీ ఏమి మారింది అని గమనించే కన్ను ఇద్దరికీ అవసరమే. దేవుడు ఆ కన్నును మనకందరికీ దయచేయునుగాక.

ఇంట్లో కలిసి చర్చించండి

1. మీ పెంపుడు జంతువు నిన్న ఎంత తిన్నదో ఇంట్లో ఎవరికి తెలుసు?
2. గినీ పిగ్ 12 గంటలు తినకపోతే మీరేమి చేస్తారు?
3. మీ ఇంట్లో వాడగా మిగిలిన యాంటీబయాటిక్‌లు ఎక్కడ ఉన్నాయి? వాటిని ఎందుకు ఎవరికీ ఇవ్వకూడదు?
4. మీరు పది రోజులు ఇంట్లో లేకపోతే దాన్ని చూసుకునేవారికి ఏమి వ్రాసి ఇస్తారు?