ఘాటెక్కని జీపు: ప్లేటు మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది పాత మహీంద్రా జీపు. మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ రేసవుతోంది గానీ బండి కదలడం లేదు. మెకానిక్ క్లచ్ ప్లేటు పోయిందంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: కావచ్చు. కానీ గేర్‌బాక్సు దింపించే ముందు పెడల్ చూడండి. చేత్తో నొక్కితే మొదట సుమారు అంగుళం మేర వదులుగా దిగాలి. ఆ వదులు లేకపోతే రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటును ఎప్పుడూ నొక్కే ఉంటుంది. క్లచ్ ప్లేటు బాగున్నా జారుతుంది. నట్టు తిప్పి సర్దితే పోయేదానికి వేలు ధారపోసినవాళ్లు ఉన్నారు.

వదులు సరిగ్గానే ఉంటే, చదునైన చోట చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, మూడో గేరులో కాస్త రేసిచ్చి క్లచ్ వదలండి. బండి ముందు ఎవరూ ఉండకూడదు. ఇంజిన్ ఆగిపోవాలి. తిరుగుతూనే ఉంటే జారుతున్నట్టే. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే మంచి ప్లేటూ మాడుతుంది.

బెల్ హౌసింగ్ అడుగున ఆయిల్ చెమ్మ ఉందా? క్రాంక్ వెనక సీలు కారి ప్లేటు తడిస్తే, సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేసినా దండగే.

మన లంకల్లో, పుంతల్లో వరద నీళ్లలో తిప్పిన బండిని వారాల తరబడి నిలిపేస్తే వచ్చే జబ్బు వేరు. తుప్పుతో ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుని, పెడల్ తొక్కినా విడదు. రివర్స్ గేరు గరగరలాడుతుంది. మీది అది కాదు.

పెడల్ తొక్కినప్పుడే కూత వస్తుంటే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. గేర్‌బాక్సు దింపాల్సే వస్తే ఎలాగూ దాన్నీ మార్పించండి. ఫ్లైవీలు మీద నీలం మచ్చలున్నాయేమో దగ్గరుండి చూసుకోండి.