మన చెరువు ఎరుపు, హంసలదీవి ఉప్పు

మా ఊరి పేరులో సముద్రం ఉంది గానీ ఉప్పు లేదు. కాకతీయుల కాలం నుంచి ఈ వైపు పెద్ద చెరువును సముద్రమనే పిలిచారు. ఘనపురంలో గణపసముద్రం ఉంది, మా కేసముద్రం పేరూ ఆ వరసలోదే అనిపిస్తుంది. వానాకాలంలో ఏ చెరువు కట్ట మీద నిలబడినా నీళ్లు చిక్కటి చాయ్ రంగులో ఉంటాయి. వాన వెలిసి వారమైనా తేటపడవు. అవే నీళ్లు కృష్ణ మొగ దగ్గర సముద్రాన్ని తాకితే, అందులోని మట్టి గంటల్లో ముద్దలై అడుగుకు దిగుతుంది. ఆ ముద్దలు ఎట్లా తయారవుతాయో మట్టి వెంట పోతూ చూద్దాం.

మట్టి బయలుదేరడం మనకు కొత్త కాదు. 2024 సెప్టెంబర్ 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరద పట్టాల కింది కంకరను ఊడ్చుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి, రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ నీటికి మొదటి పని జల్లెడ పట్టడం. కంకర, మొరం పక్క చేన్లలోనే ఆగుతాయి. ఇసుక వాగు మలుపులో పడుతుంది. ఒండ్రు చెరువుల్లో పూడికగా దిగుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ట్రాక్టర్లతో చేన్లకు తోలుకున్నది దాన్నే.

ఇక మిగిలేది బంకమన్ను. దీని రేణువు 2 మైక్రాన్ల లోపే, అంటే వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు. నిలకడ నీళ్లలో కూడా 1 మైక్రాన్ రేణువు మీటరు లోతు దిగడానికి 12 రోజులు పైనే పడుతుంది. పైగా ఈ రేణువులు పలుచటి రేకులు, వాటి మీద రుణావేశం ఉంటుంది. మంచినీళ్లలో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతాయి. చెరువు తేటపడనిది అందుకే.

మన వాగులు ఆకేరు, మున్నేరుల్లోకి పోతాయి. మున్నేరు పులిచింతల దాటినాక కృష్ణలో కలుస్తుంది. ఇది చిన్న సంగతి కాదు. ఎగువ కృష్ణ తెచ్చే మట్టిలో చాలా భాగాన్ని శ్రీశైలం, నాగార్జునసాగర్ మింగేస్తాయి. మన మట్టికి ఆ గండం లేదు. దారిలో పెద్ద అడ్డు ప్రకాశం బ్యారేజీ ఒక్కటే, వరదలో దాని గేట్లూ ఎత్తే ఉంటాయి. ఆ సెప్టెంబర్‌లో అక్కడ 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు.

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుంటుంది. హంసలదీవి వైపు ఆ పాయలకు ఉప్పునీళ్లు ఎదురొస్తాయి. సముద్రపు నీళ్లలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. అందులో పదో వంతు కలిసేసరికే కథ మారుతుంది. ఉప్పులోని సోడియం, మెగ్నీషియం, కాల్షియంల ధనావేశం రేకుల చుట్టూ గుమిగూడి వాటి నెట్టుడును చల్లారుస్తుంది. అడ్డు తగ్గగానే, దగ్గరికొచ్చిన రేకులు సహజమైన ఆకర్షణతో అతుక్కుంటాయి.

అయితే ముందు అవి గుద్దుకోవాలి కదా! మరీ సన్నవాటిని నీటి అణువుల కదలికే తోస్తుంది. కొంచెం పెద్దవి సుడుల్లో ఢీకొంటాయి. దిగుతున్న ముద్ద దారిలో ఎదురైన చిన్నవాటిని కలుపుకుపోతుంది. పాచి, సూక్ష్మజీవులు విడిచే జిగురు వీటన్నిటికీ బంధనం. మన పెద్దవాళ్లు చిల్లగింజను అరగదీసి కుండ నీళ్లలో కలిపితే జరిగేదీ దాదాపు ఇదే, గింజలోని జిగురు రేణువులను కలిపి పట్టుకుంటుంది. తయారైన ముద్ద విరిగిన పాలలోని తునకలా వదులుగా ఉంటుంది, అందులో చాలా భాగం నీళ్లే. అయినా అరమిల్లీమీటరు దాకా పెరిగితే మీటరు లోతును గంటలోపే దిగేస్తుంది.

సుడి ఎక్కువైతే ఆ ముద్దే చిట్లిపోతుంది. పోటుకూ పాటుకూ మధ్య నీళ్లు నిలిచే కాసేపట్లో ముద్దలు అడుగు చేరతాయి. ప్రవాహం అందుకోగానే పైది మళ్లీ లేస్తుంది. అందుకే మొగల్లో ఒక పట్టీ ఎప్పుడూ మిగతా చోట్ల కన్నా మురికిగా కనిపిస్తుంది. మడ అడవిలోకి చేరిన ముద్దకు మాత్రం వేర్లు నీటి వేగాన్ని తగ్గిస్తాయి, అది అక్కడే నేలవుతుంది. 2024 లాంటి వరదైతే ఉప్పునీటినే మొగ బయటికి తోసేస్తుంది, అప్పుడు ఈ తయారీ అంతా తీరం అవతల కడలిలోనే.

ఇంట్లోనే చూడొచ్చు. లీటరు సీసాలు రెండు తీసుకుని చెరువు నీళ్లు పట్టండి. ఒకదాంట్లో రెండు చెంచాల దొడ్డుప్పు వేసి మెల్లగా తిప్పండి, ఊపొద్దు. దీపం ముందు పెడితే సన్నటి దూదిపింజల్లాంటివి కనిపిస్తాయి. తెల్లారేసరికి ఉప్పు సీసాలో పైనీళ్లు తేటగా, రెండోదాంట్లోవి ఇంకా చాయ్ రంగులోనే ఉంటాయి. మూడో సీసాలో పటిక వేస్తే చిటికెడే చాలు. సోడియంది ఒక్క ధనావేశమైతే పటికలోని అల్యూమినియానిది మూడు. చూడటం అయిపోయాక ఉప్పు నీళ్లను మాత్రం మొక్కల మొదట్లో పొయ్యకండి.