నూటికి నూరు శాతం వేగం

నరసరావుపేట

మేనల్లుడా,

అమ్మమ్మ ఆరోగ్యం కుదుటపడిందని రాశావు, మనసు తేలికపడింది. నీ ఉత్తరంలో మిగతా కబుర్లన్నీ ఒక ఎత్తు, చివర్లో అడిగిన ప్రశ్న ఒక్కటీ ఒక ఎత్తు. గురజాలలో అమ్మమ్మ ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద డాంకీ కాంగ్ ఆడితే ఎన్నడూ రానంత స్కోరు వచ్చిందన్నావు. ఆట మూసినప్పుడు మాత్రం సగటు వేగం 83 శాతం అని చూపించిందట. ఆ స్కోరు పోటీకి పంపొచ్చా అని అడిగావు.

పంపొద్దురా. ఆ అంకె కంటపడ్డా దాచకుండా రాశావు చూడు, అది నాకు చాలా నచ్చింది. అందుకే వద్దని ఒక్క మాటతో సరిపెట్టకుండా కారణమంతా రాస్తున్నాను.

డాంకీ కాంగ్ 1981లో నింటెండో తయారుచేసిన ఆట. దాని అసలు ఆర్కేడ్ యంత్రపు బోర్డు మీద జెడ్80 ప్రాసెసర్ 3.072 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. తెర సెకనుకు 60.606 సార్లు మారుతుంది. పీపాలు ఎంత జోరుగా దొర్లాలి, మంటలు ఎంతసేపటికి నీ మీదికి రావాలి, బోనస్ అంకె ఎప్పుడెప్పుడు తరగాలి, అన్నిటికీ ఆ గడియారమే ఆధారం. ఆ ఆటకు అసలు నిబంధనల పుస్తకం ఆ గడియారమే అనుకో. 83 శాతం వేగమంటే గంటలో అయిపోవాల్సిన ఆటను నువ్వు దాదాపు 72 నిమిషాలు ఆడావన్నమాట. పీపా దొర్లుకుంటూ వచ్చిన ప్రతిసారీ దూకాలా, నిచ్చెన ఎక్కాలా అని తేల్చుకోవడానికి నీకు రవ్వంత వ్యవధి ఎక్కువ దొరికింది. లక్షల స్కోర్ల దగ్గర గెలుపోటములు తేలేది ఆ రవ్వంతలోనే.

మన పల్లెల్లో తిరునాళ్ళప్పుడు ఎద్దుల బండలాగుడు పోటీలు నువ్వూ చూశావు కదా. పళ్ళు చూసి విభాగం నిర్ణయిస్తారు. రెండు పళ్ళ గిత్తలకు ఒక పోటీ, నాలుగు పళ్ళ వాటికి ఒకటి, ఆరు పళ్ళ వాటికి ఇంకొకటి. ఒక విభాగంలో జతలన్నిటికీ అదే బండ, అదే గడువు, గడువులో ఎన్ని అడుగులు లాగాయో కొలవడం. నీ జత ఎంత ఒడుపుగా లాగినా, బండ తేలికదైతే ఆ కొలతను ఎవడూ ఒప్పుకోడు. ఎద్దుల తప్పేం లేదు, తోలినవాడి తప్పూ లేకపోవచ్చు. అయినా ఆ కొలత చెల్లదు. నీ 83 శాతం స్కోరుదీ అదే పరిస్థితి.

ఆ డెస్క్‌టాప్ ఎందుకు వెనకబడిందో చెబుతాను, ఈ సంగతి నీకు ముచ్చటగా ఉంటుంది. నలభై ఏళ్ళ నాటి ఆట కదా, ఏ కంప్యూటరైనా చాలనుకుంటాం. కానీ ఆ ఆటలో నడక చప్పుడు, దూకినప్పుడు వచ్చే శబ్దం అసలు బోర్డులో చిప్‌లో దాచిపెట్టిన ధ్వనులు కావు. రెసిస్టర్లు, కెపాసిటర్లతో కట్టిన సర్క్యూట్లోంచి అప్పటికప్పుడు పుట్టేవి. పాత బోర్డును కంప్యూటర్లో అనుకరించే ఎమ్యులేటర్ ఆ సర్క్యూట్ ప్రవర్తనను క్షణక్షణం లెక్కగట్టాలి. నువ్వు ఆడిన మేమ్ అనే ఎమ్యులేటర్ పని అదే. 1997లో ఇటలీవాడు నికోలా సల్మోరియా మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ పాత బోర్డును ఉన్నదున్నట్టు నిలబెట్టాలని చూస్తుంది, ఆట పైపైన ఆడితే చాలనుకోదు. ఆ బరువు పాత ప్రాసెసర్ మీద పడుతుంది.

దానికి తోడు ఎండ. ప్రతి వేసవిలో వార్తల్లోకెక్కే రెంటచింతల మీకెంత దూరం? ఆ వేడిలో దుమ్ము పట్టిన హీట్‌సింక్, ఎండిపోయిన థర్మల్ పేస్టు ఉన్న ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ల్యాప్‌టాప్ అయితే ఇంకా తొందరగా తగ్గించుకుంటుంది, పవర్ సేవర్‌లో బ్యాటరీ మీద నడుస్తుంటే మరీను. కాబట్టి ఖరీదైన గ్రాఫిక్ కార్డు కొనిపెట్టమని నాన్నను సతాయించకు. ఇలాంటి ఆటలకు దానితో పెద్దగా పని లేదు. పదహారు కోర్లున్నాయని మురిసినా లాభం లేదు, ఒక్కొక్క కోర్ చురుగ్గా ఉంటే చాలు. శుభ్రమైన ఫ్యాను, కొత్త పేస్టు, ఛార్జర్ తగిలించి ఉంచడం, ఇంతవరకే నీ ఖర్చు.

మానిటర్ గురించి కూడా జాగ్రత్త. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు తెర మారుస్తుంది. ఆట వేగాన్ని మానిటర్‌తో కలిపేసే ఒక సెట్టింగ్ మేమ్‌లో ఉంది. అది ఆన్ చేస్తే బొమ్మ నున్నగా కదులుతుంది, కానీ డాంకీ కాంగ్ ఒక శాతం నెమ్మదిస్తుంది. గంటకు 36 సెకన్లు నీకు ఊరకే వచ్చినట్టు. అదే మానిటర్ మీద మీరంతా ముస్తఫా అని పిలుచుకునే క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ పెట్టి చూడు. 1993 నాటి ఆ క్యాప్‌కామ్ ఆటలో తెర మారేది సెకనుకు 59.637 సార్లే, కనుక ఆట కాస్త వేగంగా పోతుంది. ఒకే మానిటర్ ఒక ఆటలో నీకు మేలు చేసి, ఇంకొక ఆటలో కీడు చేస్తుంది. మేలు చేసినప్పుడు ఊరుకుని, కీడు చేసినప్పుడు మాత్రం సెట్టింగ్ మార్చుకునే అలవాటు చేసుకోకు. రెండింటికీ ఆ సెట్టింగ్ తీసెయ్.

డాంకీ కాంగ్ 22వ లెవెల్లో ఆగిపోతుందని నీకు తెలుసు. ఎందుకాగిపోతుందో ఎప్పుడైనా లెక్క వేశావా? బోనస్ సమయం కోసం ఆట లెవెల్ సంఖ్యను పదితో గుణించి నలభై కలుపుతుంది. 22 దగ్గర అది 260 అవుతుంది. ఎనిమిది బిట్లలో 255 దాటి పట్టదు, మిగిలేది 4. అంటే బోనస్ 400 మాత్రమే. గమ్యం చేరేలోపే సమయం అయిపోయి మారియో చచ్చిపోతాడు. అది తయారీలో దొర్లిన లోపం. ఎమ్యులేటర్ ఆ లోపాన్ని సరిచేయదు, అలాగే ఉంచుతుంది. లోపాన్ని కూడా దాచనంత నమ్మకంగా రాసిన సాఫ్ట్‌వేర్ మీద ఆడుతూ, మన వైపు నుంచి వేగం తగ్గించిపెట్టుకుంటే ఆ శ్రమకు విలువేముంటుంది చెప్పు?

ఇక రికార్డింగు. ఈ రికార్డింగులో మేమ్ వీడియో తీయదు. ప్రతి ఫ్రేములో ఏ మీట నొక్కావో ఒక చిన్న ఫైల్లో రాసుకుంటుంది. అదే వెర్షన్, ఆట ప్రోగ్రాము ఉండే అవే రోమ్ ఫైళ్ళతో దాన్ని తిరిగి నడిపితే నీ ఆట మొదటినుంచి చివరిదాకా మళ్ళీ జరుగుతుంది. ఇక్కడే అసలు చిక్కు. నెమ్మదిగా నడిచిన ఆటను తిరిగి నడిపితే అది మామూలు వేగంతోనే కనబడుతుంది. చూసేవాడికి నీ చేతులు మెరుపుల్లా అనిపిస్తాయి. నీ 83 శాతం ఆట కూడా అలాగే కనబడి ఉండేది. అయితే ఆ ఫైల్లో ఫ్రేము ఫ్రేముకూ అప్పటి వేగం నమోదై ఉంటుంది, చివర్లో మేమ్ రికార్డయిన వేగం సగటును చూపిస్తుంది. పోటీల కోసమే తయారైన వోల్ఫ్‌మేమ్ ఒకటుంది. అందులో రికార్డు చేసేటప్పుడు సేవ్ స్టేట్లు, చీట్లు పనిచేయవు. నువ్వు దానిలోనే ఆడు.

ఆటగాడు బిల్లీ మిచెల్ సంగతి నువ్వే నాకు ఒకసారి చెప్పావు, కానీ సగమే చెప్పావు. పది లక్షలు దాటిన అతని డాంకీ కాంగ్ స్కోర్ల టేపుల మీద 2018 ఫిబ్రవరిలో జెరెమీ యంగ్ అనే ఆటగాడు అభ్యంతరం లేవదీశాడు. తెర మారేటప్పుడు గర్డర్ల బొమ్మ పడే తీరు అసలు బోర్డులో ఒకలా, పాత మేమ్‌లో ఇంకొకలా ఉంటుందని చూపించాడు. ఆ ఏప్రిల్‌లో, స్కోర్ల రికార్డులు నమోదు చేసే ట్విన్ గెలాక్సీస్ ఆ టేపులు అసలు బోర్డు నుంచి నేరుగా వచ్చినవి కావని తేల్చి అతని స్కోర్లన్నీ తీసేసింది. మిచెల్ ఒప్పుకోలేదు, కోర్టుకు పోయాడు. గిన్నిస్ వాళ్ళు 2020లో అతని రికార్డులు మళ్ళీ పెట్టారు. 2024 జనవరిలో ట్విన్ గెలాక్సీస్‌తో రాజీ కుదిరి, పాత స్కోర్లు చారిత్రక భాండారంలోకి చేరాయి. ఎవరిది న్యాయమో నువ్వే చదివి తేల్చుకో. నాకు బాధ కలిగించేది ఒకటే. మేమ్ మీద ఆడటం నేరం కాదు, దానికి వేరే జాబితా ఉంది. దేని మీద ఆడానన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆరేళ్ళు గడిచిపోయాయి. ఆ రోజుల్లో అతను ఎంత బాగా ఆడేవాడో మాట్లాడుకునే తీరిక ఎవరికీ లేకపోయింది.

నీ స్కోరుతోపాటు ఏ కంప్యూటర్, ఏ మేమ్ వెర్షన్, కీబోర్డా జాయ్‌స్టికా, ఆటోఫైర్ వాడావా లేదా, అన్నీ రాసి పంపు. డాంకీ కాంగ్‌లో జపాన్ రోమ్‌కూ అమెరికా రోమ్‌కూ తెరలు వచ్చే వరుసే వేరు, అదీ రాయి. ఎవరూ అడక్కపోయినా రాయి.

ఈ ఆదివారం ఆ సీపీయూ పట్టుకుని నరసరావుపేట రా. దుమ్ము దులిపి, పేస్టు మార్చి, నా షాపులోనే గంటసేపు ఆట నడిపి వేగం చూద్దాం. నూరు శాతం నిలబడకపోతే ఆ ప్రాసెసర్‌ను అమ్మమ్మ టీవీ పాటలకు వదిలేసి, నా దగ్గరున్న ఇంకొక మదర్‌బోర్డు బిగించి ఇస్తాను. ఆ స్కోరు నీ చేతుల్లో ఉందో లేదో అప్పుడు ఆడి చూడు. మొదటి రోజు తక్కువే వస్తుంది, దానికి దిగులు పడకు. వచ్చేటప్పుడు జాయ్‌స్టిక్ కూడా తెచ్చుకో, దాని ఎడమవైపు స్విచ్ సరిగా తగలడం లేదని పోయినసారి అన్నావు, అదీ చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య