రూపవ్యాకరణ బోధనలో తెలుగు వాక్యము

వ్యాకరణమను మాట తరగతిలో వినబడగానే కంప్యూటరు శాస్త్ర విద్యార్థికి పాఠశాలలో తప్పులు దిద్దిన ఎఱ్ఱసిరా జ్ఞప్తికి వచ్చును. అతడెరిగిన వ్యాకరణము, ముందే ఉన్న భాషకు కావలి కాయునది. రూపవ్యాకరణము అట్టిది కాదు. అందు కొన్ని సంజ్ఞలు, కొన్ని మూలపదములు, ఒక ఆరంభసంజ్ఞ, సంజ్ఞలను విప్పి చెప్పు నియమములు మాత్రమే ఉండును. ఆ నియమములనుండి పుట్టినది భాష. పుట్టనిది ఆ భాషకు చెందదు. ఈ భేదము తొలిదినముననే మనసునకు పట్టనిచో, తరువాతి పాఠమంతయు విద్యార్థికి గుర్తుల బట్టీగానే మిగులును.

ఈ శాస్త్రము వలన కలిగిన మేలు చిన్నది కాదు. 1957లో వెలువడిన ఫోర్‌ట్రాన్ తొలి కంపైలరు నిర్మాణమునకు సుమారు 18 మనుష్య సంవత్సరముల శ్రమ పట్టినది. నేడు చిన్న భాషకొక కంపైలరును విద్యార్థి ఒక్క అర్ధసంవత్సరములో వ్రాయగలుగుచున్నాడు. నడుమ జరిగినదేమి? 1956లో చామ్‌స్కీ వ్యాకరణములను వాని శక్తిననుసరించి శ్రేణులుగా విభజింప మొదలిడెను. 1959లో బాకస్, 1960 నాటి అల్గాల్ నివేదికలో నౌర్, ప్రోగ్రాము భాష యొక్క రూపమును నియమములతో వ్రాసి చూపిరి. 1965లో క్నూత్ ఎడమనుండి కుడికి చదువుచు వాక్యనిర్మాణమును కనుగొను విధానమొకదానిని నిరూపించెను. ఊహతో చేసిన పని నియమముతో చేయదగినదైనది.

ఈ ఘట్టమునకు వచ్చిన భారతీయ అధ్యాపకుడు పాణినిని స్మరించుట పరిపాటి. అది నిరాధారము కాదు. 1967లో ఇంగర్‌మన్ అను విద్వాంసుడు ఈ లేఖనపద్ధతికి పాణిని పేరును కూడ చేర్చవలెనని ఒక శాస్త్రపత్రికకు లేఖ వ్రాసెను. సుమారు 4000 సూత్రములలో ఒక భాషను బంధించిన అష్టాధ్యాయిలో ప్రత్యాహారములు, అనువృత్తి, నియమముల పౌర్వాపర్యము కలవు. సూత్రములను చెప్పుటకు ప్రత్యేకముగా కల్పింపబడిన పరిభాష కలదు. అయినను పోలిక అంతటితో ఆగవలెను. బాకస్ పద్ధతిలో ఒక సంజ్ఞ, దాని ఇరుప్రక్కల నేమున్నను, ఒకే తీరున విప్పబడును. పాణిని సూత్రమున షష్ఠి స్థానిని, ప్రథమ ఆదేశమును, సప్తమి పరనిమిత్తమును, పంచమి పూర్వనిమిత్తమును తెలుపును. అచ్చు పరమైనప్పుడు మాత్రమే ఇకారము యకారమగుట ఇట్టిదే. ఇది సందర్భమును చూచి మార్చు నియమము. బాకస్ నియమము సందర్భమును చూడనిది. ఈ రెంటిని ఒకటియని చెప్పిన అధ్యాపకుడు పాణినికి గౌరవమును చేకూర్పడు. విద్యార్థికి శ్రేణుల భేదమునే చెరిపివేయును. సంస్కృతమే కంప్యూటరునకు తగిన భాషయను ప్రచారము కొంతవరకు ఇట్టి తొందర ఫలమే.

తెలుగు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి సాధనమొకటి కలదు. అది అతడు పలుకు వాక్యమే.

"పాత పుస్తకాల అంగడి" అను మాటను గైకొనుడు. పాతవి పుస్తకములా, అంగడియా? రెండర్థములును సాధువులే. ఏలయన అదే పదవరుసకు రెండు వృక్షములు గీయవచ్చును. 8 − 3 − 2 అను లెక్కకును ఇదియే గతి: ఎడమనుండి కట్టిన వృక్షము 3ను, కుడినుండి కట్టినది 7ను ఇచ్చును. వినువాడు అంగడిని చూచి సరిపెట్టుకొనును. యంత్రమునకు ఆ వసతి లేదు. కనుక వ్యాకరణమునే తిరుగవ్రాసి ఒక వృక్షమును త్రోసిపుచ్చవలెను. సందిగ్ధతయను దోషము మొదట అంగడి ముందు తెలిసినచో, తరువాత లెక్కలో దానిని గుర్తించుట సులభము.

కంపైలరు మొదటి పని అక్షరముల వరుసను పదములుగా విడగొట్టుట. సంధి నెరిగిన తెలుగువానికి ఈ చిక్కు క్రొత్త కాదు. "మనకోడలు" అనినచో మన కోడలా, మనకు ఓడలా? ఉత్వసంధి రెండవ విభాగమునకు కూడ ద్వారము తెరచినది. చాల భాషల కంపైలర్లు, సాధ్యమైనంత పొడవైన పదమునే ముందు గ్రహింపవలెనను నియమమును పాటించును. ఆ నియమమే ఇక్కడ నడచినచో మనకు దక్కునవి ఓడలే! సీ భాషలో రెండు పేర్ల నడుమ ఐదు కూడిక గుర్తులను ఎడము లేక వ్రాసిన, కంపైలరు వానిని రెండు, రెండు, ఒకటిగా విడదీసి దోషమని పలుకును. రెండు, ఒకటి, రెండుగా విడదీసిన అది నిర్దుష్టమే. కాని పదవిభాగము చేయు అంగము అర్థమును విచారింపదు. ఈ రెండు ఉదాహరణలను ప్రక్కప్రక్కన ఉంచిన చాలును.

"గోపన్న, సీతమ్మ, రాముడు వచ్చినాడని చెప్పినదని, అన్నాడు." ఈ వాక్యమున ముగ్గురు కర్తలు వరుసగా వచ్చిరి, వారి క్రియలు ఎదురువరుసలో వచ్చినవి. చివర వచ్చిన రాముడు మొదటి క్రియతోను, మొదట వచ్చిన గోపన్న చివరి క్రియతోను కూడిరి. క్రియల లింగమే జంటలు సరిపడినవో లేదో పరీక్షించుచున్నది. కుండలీకరణములు ఒకదానిలో ఒకటి ఇముడుటయు ఇట్లే. ఎన్ని ఇమిడినవో జ్ఞాపకముంచుకొనుటకు, పరిమిత స్థితులు మాత్రమే గల యంత్రము చాలదు; చివర ఉంచినదానిని మొదట తీయు నిల్వ కావలెను. దానికి తెలుగున దొంతరయను చక్కని మాట సిద్ధముగా నున్నది. వంటింట కంచముల దొంతరను చూచినవానికి వేరు నిర్వచనము అక్కరలేదు. (నాలుగవ కర్త చేరిన మనుష్యుని చెవి తడబడును. యంత్రపు దొంతరకు ఆ అలసట లేదు.)

ఆ దొంతరతోనే మరియొక పాఠము నెగ్గును. (2 + 3) × 4 అను లెక్కను కంపైలరు 2 3 + 4 × అను వరుసకు మార్చును. అప్పుడు కుండలీకరణములతో పనియుండదు. పోలండు తార్కికుడు లుకాసేవిచ్ 1920ల దశకమున గుర్తును ముందుంచు పద్ధతిని కల్పించెను. గుర్తు చివర వచ్చుటచే దీనికి తిరోగమన పద్ధతియని ఆంగ్లమున పేరు వచ్చినది. క్రియ నడుమ వచ్చు భాష పలుకువారికి ఇది తలక్రిందుగా తోచవచ్చును. తెలుగువాడో, "రెండూ మూడూ కూడి, వచ్చినదానిని నాలుగుతో హెచ్చించు" అని రోజును ఇట్లే పలుకుచున్నాడు. ముందు వస్తువులు, పిదప క్రియ. జావా భాష నడచు ఊహాయంత్రము కూడ దొంతరపైననే ఇదే వరుసలో పనిచేయును.

షరతు వాక్యమునకు వచ్చిన, "సెలవైతే బండి దొరికితే రా, లేకుంటే ఉత్తరం వ్రాయి" అనునది మంచి ప్రశ్న. ఉత్తరము ఎప్పుడు వ్రాయవలెను? సెలవు లేనప్పుడా, బండి లేనప్పుడా? సీ, పాస్కల్ భాషలలో "ఎల్స్" దగ్గరి "ఇఫ్"నకు చెందునని కట్టడి చేసిరి. ఉత్తరము వ్రాయువాడు ఆ కట్టడిని ఎరుగడు.

ఈ మార్గమునకు ఎల్లయును కలదు. తెలుగున విభక్తి కర్తృకర్మలను తెలుపుచుండుటచే పదక్రమము సడలును. క్రియ చివర నిలిచినను, మూడు నామములు 6 వరుసలలోను, నాలుగు 24 వరుసలలోను రావచ్చును. వీనిని సందర్భరహిత నియమములతో వ్రాయబూనిన నియమములు వృథాగా పెరుగును. ఏ నామమునకు క్రియతో ఏ సంబంధమో అను అసలు విషయము మరుగుపడును. భారతీయ భాషల యంత్రవిశ్లేషణకు కారకసిద్ధాంతమును ఆధారముగా గొన్న అక్షర్ భారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గ్రంథము 1995లో వెలువడుటకు ఇట్టి చిక్కే నేపథ్యము. పాణిని ఈ తరగతిలో ప్రవేశింపదగిన చోటు ఇదియే: ప్రోగ్రాము భాషల పాఠము ముగిసి, మనుష్యభాషను యంత్రమునకు నేర్పు పాఠము ఆరంభమగు చోట.